తువాలు కింద గాజుల చప్పుడు

హయాత్ తల గ్రామఫోను బూరలో ఉంది.

లోపల అతుకులున్నాయేమోనని చూస్తున్నాడు. బూర ఊడదీసి బల్ల మీద అడ్డంగా పెట్టి, వెడల్పు మూతిలోకి మెడదాకా దూరాడు. అంతలో సన్నమూతి వైపు నుంచి పిడుగు పడింది.

"లోపలెవరండీ? అద్దెకున్నారా, సొంతిల్లా?"

హయాత్ అదిరిపడి లేచాడు. బూరతో సహా లేచాడు. రెండు చేతులతో పీక్కుని చూస్తే ఎదురుగా ఒక పిల్ల. పచ్చ ఓణీ, చేతుల నిండా మట్టిగాజులు. నవ్వు ఆపుకోవాలని పెదవి కొరుక్కుంటోంది గానీ, అది కళ్ళలోంచి కారిపోతోంది.

"సరుకు చూస్తుంటే చెవిలో అరుస్తావా? చెవుడొస్తే ఎవరిది పూచీ?"

"తల దూర్చి చూస్తే ఏం తెలుస్తుంది? అది పాడే పెట్టె. వినాలి."

"మీసం రాకముందు నుంచీ ఇదే పని నాకు."

"ఇప్పుడు మాత్రం వచ్చిందా ఏం?"

హయాత్ చెయ్యి తనకు తెలియకుండానే మూతి మీదికి పోయింది. బూరకు పూసిన పాలిషు అతని నుదుటి మీద గుండ్రంగా అంటుకుని ఉంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, అతనికి తప్ప.

అది చీరాలలో పొగాకు కంపెనీ దొరగారి బంగళా. దొర సీమకు వెళ్ళిపోతున్నాడు, సామాను వేలం వేస్తున్నారు. కుర్చీలూ మంచాలూ అయిపోయాయి. పాతకాలపు గ్రామఫోన్లు రెండు మిగిలాయి. ఒకటి ఇత్తడి బూర, టేకు పెట్టె. పెళ్ళికొడుకులా మెరుస్తోంది. రెండోదాని బూరకు తుప్పు, పెట్టెకు బూజు. పెళ్ళికొడుకు తాతలా ఉంది.

హయాత్ తండ్రి ఖాదర్ వలి పెళ్ళిళ్ళకు గ్రామఫోన్లు అద్దెకిస్తాడు. కరెంటు లేని పల్లెల్లో ఇంకా కీ ఇచ్చే పెట్టెలదే రాజ్యం. పోయిన మాఘంలో హయాత్ ఒంగోలు వేలంలో ఒక పెట్టె కొనుక్కొచ్చాడు. చూడ్డానికి అద్దం. సరిగ్గా అప్పగింతల వేళ సగం పాటలో దానికి నీరసం వచ్చింది. పాడే ఆవిడ గొంతు మగగొంతయింది, ఆపైన గేదె గొంతయింది. ఏడవాల్సిన పెళ్ళికూతురు పడీపడీ నవ్వింది.

"ఇంకొక్కసారి మోసపోయి వచ్చావంటే అంగడి మీ బావకు అప్పగిస్తా. నువ్వు వేటపాలెం పోయి జీడిపిక్కలు కొట్టుకో" అన్నాడు ఖాదర్ వలి. ఆయన అన్నమాట జరిపించే మనిషి. హయాత్‌కు ఆ అంగడి తప్ప వేరే లోకం లేదు.

అందుకే ఇవాళ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూస్తున్నాడు. ఇత్తడిబూరదాని మూలలు తట్టాడు. గట్టి టేకు. కీ తిప్పాడు. స్ప్రింగు ఎక్కడా టక్కుమనకుండా బిగిసింది. ముల్లు బిగించే సౌండుబాక్సులో అభ్రకం బిళ్ళ మేలైన గూడూరు సరుకు, గీత పడలేదు.

"బంగారం" అన్నాడు పైకే.

"గిల్టు" అంది ఆ పిల్ల.

పేరు మస్తాన్‌బీ. ఈపూరుపాలెం సన్నాయి ఆదాం కూతురు. పక్కన కుర్చీలో వాళ్ళ నానమ్మ జానీబీ, ఒళ్ళో ఒక మూట పెట్టుకుని కూర్చుంది. మూటలో గ్రామఫోను ప్లేటు.

"ఏం చెప్పమంటావు నాయనా" అంది జానీబీ, ఎవరూ అడక్కుండానే. "మావాడికి ముందు పళ్ళు ఊడాయి. సన్నాయి మూలన పడింది. వాళ్ళ గురువుగారు వాయించిన ప్లేటు విందామంటే ఇంట్లో పెట్టె లేదు. పొద్దస్తమానం ఆ పాట నోటితోనే వాయిస్తున్నాడు. పళ్ళులేని నోటితో! మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి."

"నానమ్మా! ఊరందరికీ చెప్పాలా?"

మస్తాన్‌బీ ప్లేటు తీసి ఇత్తడిబూరదాని మీద పెట్టి, ముల్లు ఆనించి కళ్ళు మూసుకుంది. హయాత్ చూడాల్సింది పెట్టెను. చూసింది ఆమె కనురెప్పలను.

"విన్నావా? చివర్లో శ్రుతి జారింది."

"నాకేం జారలేదు" అన్నాడు. అబద్ధం. జారింది గానీ, పెట్టెలో కాదు.

ఆమె మళ్ళీ కీ ఇచ్చి, మళ్ళీ పెట్టి, "మొదలు గుర్తుపెట్టుకో. ఇప్పుడు చివర విను" అంది.

హయాత్ విన్నాడు. చివరికొచ్చేసరికి సన్నాయి, మోకాళ్ళు పట్టేసిన ముసలాయన మెట్లు దిగినట్టు దిగుతోంది. ఒంగోలు పెట్టె గుర్తొచ్చి చెమట పట్టింది. స్ప్రింగు తెగలేదు, అలిసిపోయింది. పెళ్ళిళ్ళలో ప్లేటు చివరిదాకా ఎవరు వింటారు? అతనూ ఏనాడూ వినలేదు.

తర్వాత తుప్పుదాని మీద పెట్టారు. మొదలెలా ఉందో చివరా అలాగే ఉంది. హయాత్ అడుగున వేలితో తట్టాడు. తెల్లగా పొడి రాలింది.

"పురుగు. పెట్టెంతా జల్లెడ. మోసుకుపోతే దారిలోనే అడుగు ఊడుతుంది."

"నాకు కావాల్సింది గొంతు."

"నాకూ అదే కావాలి. నేనూ దీనికే పాడతా."

మస్తాన్‌బీ నవ్వు ఆగిపోయింది. "అది నా చెవి పట్టిన సరుకయ్యా!"

"వేలంలో చెవులకు హక్కుంటుందా?"

"అయితే ఇందాకట్నుంచీ పక్కన నిలబడి నా విద్య దొంగిలించావన్నమాట" అని గిరుక్కున తిరిగింది. జడ వచ్చి అతని భుజం మీద ఛెళ్ళున తగిలింది. జడ దెబ్బ కంటే దొంగ అన్నమాట గట్టిగా తగిలింది.

వేలం వేసేది రోశయ్య. గుంటూరు మిర్చి బేరాల్లో పండిపోయిన మనిషి. కేకలేసి పాడించడం ఆయనకు చేతకాదు. బల్ల మీద చెయ్యి పెట్టి, పైన పెద్ద తువాలు కప్పి, ఒక్కొక్కరినీ రమ్మంటాడు.

"వేళ్ళు పట్టి ధర చెప్పండి. చిటికెనవేలు ఒక్కటీ పట్టుకుంటే తప్పుకున్నట్టు. అరచెయ్యి నొక్కితే ఖాయం. ఖాయమయ్యాక మాట మార్చినవాడు మళ్ళీ నా మొహం చూడొద్దు. కానీండి, అవతల మబ్బు పట్టింది!"

తుప్పుదాని వంతు వచ్చింది. "నా వేళ్ళు వంగి చచ్చాయి. నువ్వే పెట్టవే" అంది జానీబీ. "రోశయ్య నీకు తాత వయసోడు."

హయాత్ బల్లకు ఇవతల నిలబడ్డాడు. కళ్ళ ముందు జీడిపిక్కల గుట్ట. పళ్ళులేని నోటితో సన్నాయి వాయించే మనిషి కూడా కనపడ్డాడు. ఛీ, దొంగ బతుకెందుకు అనుకున్నాడు. తల తిప్పుకుని చెయ్యి తువాలు కిందికి పోనిచ్చి, దొరికిన చిటికెనవేలు పట్టుకున్నాడు.

ఆ చెయ్యి వెంటనే అతని అరచెయ్యి గట్టిగా నొక్కింది.

గాజులు గలగలమన్నాయి.

రోశయ్య చేతికి గాజులెప్పుడొచ్చాయి? హయాత్ తలెత్తి చూశాడు. రోశయ్య రెండు చేతులతో ముక్కుపొడుం పీలుస్తున్నాడు. బల్లకు అవతల మస్తాన్‌బీ, మిరపపండు రంగులో, కళ్ళింతలు చేసుకుని అతన్నే చూస్తోంది.

రోశయ్య హాచ్చని తుమ్మి, "నా చేతులు రెండూ ఇక్కడున్నాయి. లోపల ఖాయం చేసుకుంటున్నదెవరర్రా?" అన్నాడు. బంగళా గొల్లుమంది.

"తాతా, నువ్వే అనుకున్నా. ఇచ్చెయ్యి తాతా అని నొక్కా" అంది మస్తాన్‌బీ ఏడుపు గొంతుతో. అంతలో ఆమెకు ఇంకోటి తట్టింది. తన వేలు పట్టుకున్న చెయ్యి ధర చెప్పలేదు. తప్పుకుంది. ఆ తర్వాత ఆమె తల ఎత్తలేదు. క్రీగంట చూడటం మాత్రం మానలేదు.

పురుగు పెట్టె కోసం ఇంకెవరూ రాలేదు. అది ఆమెదయింది. ఇత్తడిబూర గిల్టని ఆమె గొంతు బంగళా అంతా చాటింది గనక దానికీ ఎవరూ రాలేదు. చేతులూపుకుంటూ ఇంటికి పోలేక, టేకు అయినా మిగులుతుందిలే అని హయాత్ దాన్ని కారుచౌకగా తీసుకుని సైకిలుకు కట్టుకున్నాడు.

నానమ్మా మనవరాలూ పెట్టెతో ఎక్కిన జట్కా ఈపూరుపాలెం దారి పట్టింది. వెనకాలే సైకిలు. అతని ఇల్లు అటు కాదు.

"ఎక్కడికి నాయనా?" అని అరిచింది జానీబీ.

"ఇటే, చిన్న పనుంది!"

ఆ పని వెంటనే తగిలింది. జట్కా గోతిలో పడింది, పెట్టె అడుగు ఊడింది, కీ ఇస్తే తిరిగే స్ప్రింగు మోటారు మస్తాన్‌బీ ఒళ్ళో పడింది. అప్పుడే వాన కూడా పడింది. రోడ్డు పక్క కళ్ళంలో జనం మిరపకాయల మీద పట్టాలు కప్పడానికి పరుగులు. వీళ్ళు ముగ్గురూ రెండు గ్రామఫోన్లతో ఒక సాలె ఇంటి వసారాలో దూరారు.

"చెప్పానా, అడుగు ఊడుతుందని?" అన్నాడు హయాత్.

"చెప్పావులే. మహా కన్ను!"

"నీది మహా చెవి." జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. "ఆ మోటారిటివ్వు. నా పెట్టెలో బిగిద్దాం."

అతను బిగించాడు, ఆమె పట్టుకుంది. నుదుటి మీది పాలిషు వానకు కరిగి ముక్కు మీదికి కారింది. ఆమె ఓణీ కొంగు అందించింది.

"ఇదేంటి?"

"పొద్దుట్నుంచీ చందమామలా మోస్తున్నావు. తుడుచుకో."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"బాగుందని ఊరుకున్నా."

ప్లేటు పెట్టారు. లోపల మగ్గం ఆగిపోయింది. సన్నాయి నిటారుగా నిలబడి చివరిదాకా వచ్చింది.

ఇప్పుడిది ఎవరిది? వాన వెలిసేదాకా పోట్లాడుకుని తేల్చుకున్నారు. పెళ్ళిళ్ళున్నప్పుడు చీరాలలో, లేనప్పుడు ఈపూరుపాలెంలో. లేనప్పుడు కూడా హయాత్ సైకిలు రోజూ అటే పోయేది. మోటారుకు నూనె వెయ్యాలిట.

"ఇంత నూనె తాగే పెట్టె నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు" అని ఒకనాడు ఖాదర్ వలే బయల్దేరి ఆదాం ఇంటికి వచ్చాడు. హయాత్ గుండె జీడిపిక్కంత అయింది.

ఖాదర్ వలి పెట్టె తట్టాడు. ప్లేటు పెట్టించాడు. మంచం మీద ఆదాం నోటితో జత కలిశాడు. ప్లేటు సగం తిరిగేసరికి పెద్దాయన మొహం విచ్చుకుంది.

"ఎవర్రా ఈ సరుకు పట్టింది?"

"పెట్టె నేను నాయనా. గొంతు... ఆ అమ్మాయి."

"అయితే నీకు సగం అంగడే వచ్చినట్టు. తక్కిన సగం ఆ చెవికి ఇవ్వాలి. ఏమంటావు ఆదాం భాయ్?"

ఆదాం వాయింపు ఆపకుండానే తలూపాడు.

"మరి పిల్లేమంటుందో?"

తలుపు చాటున ఓణీ కొంగు ఇంకాస్త లోపలికి జరిగింది.

"బూరలో అరిచినప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా?" అంది జానీబీ. "నోటితో చెప్పలేకపోతే రోశయ్య పద్ధతి ఉందిగా. నీ భుజం మీది తువాలిటివ్వు ఖాదర్ వలీ."

తలుపు సందున తువాలు పట్టింది ముసలామె. హయాత్ చెయ్యి పెట్టాడు. అవతల నుంచి ఒక చెయ్యి వచ్చి అతని చిటికెనవేలు ఒక్కటీ పట్టుకుంది.

హయాత్ మొహం పాలిపోయింది.

తలుపు వెనక కిసుక్కుమని నవ్వు. గాజులు గలగలమన్నాయి. అరచెయ్యి మీద అరచెయ్యి పడింది, గట్టిగా నొక్కింది, ఇక వదల్లేదు.

ప్లేటు చివరికొచ్చింది. శ్రుతి జారలేదు.