ఏడో పాతర

తూటా ఇటుక గోడకు తగిలింది.

ఎర్రటి పొడి సిద్దమ్మ కళ్లలో పడింది. ఆమె ఆగలేదు.

పరుగు... పరుగు...

మెడలో వేలాడుతున్న టేప్‌రికార్డరు ఎగిరెగిరి రొమ్ముకు కొట్టుకుంటోంది. హెడ్‌ఫోన్ల వైరు మోచేతికి చుట్టుకుంది. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. అరికాళ్ల కింద రాళ్లు పెనంలా కాలుతున్నాయి.

మిట్టమధ్యాహ్నం. దాక్కోవడానికి తన నీడ కూడా చాలదు.

రెండు వేల ఏళ్ల కిందటి ఊరు అది. ఇప్పుడు మిగిలింది మోకాలెత్తు గోడలు, విరిగిన మెట్లు, ముళ్లకంప. చుట్టుపక్కల వాళ్లు పెద్దపాటి అంటారు. చూడడానికి వచ్చిన వాళ్లకు టికెట్టు చించి, మెడలో ఈ టేప్‌రికార్డరు వేసి పంపేది సిద్దమ్మే. క్యాసెట్లో గొంతు ఆమె నాయన దాసప్పది. ఇక్కడి వాచ్‌మన్. వేరే గైడు అక్కర్లేదు. ఆ గొంతు చెప్పినట్టు నడిస్తే చాలు, శిథిలాలన్నీ చూసి రావచ్చు.

ఆ నాయన ఇప్పుడు గేటు దగ్గర రేకుల షెడ్డులో పడి ఉన్నాడు. తొడలో కొడవలి దిగింది. నెత్తురు ఆగడం లేదు.

"టేపు తీసుకోని ఉరుకు మే" అన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

ఒంటిగంటకు నీళ్ల ట్యాంకరు గేటు ముందు నుంచి పోతుంది. ఊరి బావులు ఎండి రెండేళ్లయింది. రోజుకొక ట్యాంకరు వచ్చి నీళ్లు వదిలి అనంతపురం తిరిగిపోతుంది. అందులో ఎక్కిస్తే నాయన పెద్దాసుపత్రికి చేరతాడు. తప్పితే మళ్లీ రేపే.

రేపటి దాకా ఆ ఒంట్లో నెత్తురు ఉండదు.

రెండో తూటా...

మెట్టు కింద రాయి కదిలింది. సిద్దమ్మ పడింది.

లేచేలోపల బూటు వచ్చి చేతివేళ్ల మీద నిలబడింది.

"యాడికి పోతావు మ్మే? రెక్కలుండాయా నీకు?"

రామదాసు. తాడిపత్రిలో బండల వ్యాపారం. రెండు లారీలు, ఒక జీపు, ఒక పిస్తోలు. చొక్కా మీద చెమట మరకల మధ్యలో నాయన నెత్తురు.

"అరువు. గట్టిగా అరువు. కొండలో బండలు పేలుస్తాండారనుకుంటారు తప్ప, ఒక్కడు రాడు."

బూటు మెలిపెట్టాడు. చిటికెన వేలు టక్కుమంది.

సిద్దమ్మ అరవలేదు. నాలుక కరుచుకుంది. నోరంతా ఉప్పగా అయింది.

"ఈరప్పా, లేపు దీన్ని."

ఈరప్ప వచ్చాడు. ఒక చేతిలో కొడవలి. దాని అంచున నెత్తురు అప్పుడే నల్లబడింది. భుజాన గడ్డపార. పక్క ఊరివాడే. నిరుటి దాకా ఈ గోడల మధ్యే గొర్రెలు మేపేవాడు. గడ్డి లేక గొర్రెలు చచ్చాయి. ఇప్పుడు రామదాసు జీపు తోలుతున్నాడు.

"ఏమప్పా ఈరప్పా" అంది సిద్దమ్మ. "మా నాయన ఇచ్చిన బీడీలు చేదుగుండెనా?"

వాడు చూపు తిప్పుకున్నాడు. "నోరు మూసుకోని లెయ్ సిద్దక్కా."

"అక్కంట!" రామదాసు నవ్వాడు. నవ్వుతూనే పిస్తోలు పిడితో ఈరప్ప మూతి మీద కొట్టాడు. "ముసలోని తొడ కోసేటప్పుడు యాడికి పోయిందిరా ఈ వరస?"

ఈరప్ప పెదవి చిట్లింది. తలగుడ్డ కొసతో తుడుచుకున్నాడు.

సిద్దమ్మ ఆ కళ్లను చూసింది. గుర్తుపెట్టుకుంది.

*

రామదాసుకు కావలసింది ఒక మట్టికుండ.

రెండేళ్ల కిందట గోడ ఒకటి కూలినప్పుడు దాసప్పకు దొరికింది. నిండా బంగారు నాణేలు. ఒక్కోదాని మీద రోము దేశపు రాజు తల. ఎప్పుడో మిరియాలు కొనడానికి సముద్రం దాటి వచ్చిన బంగారం. దాసప్ప పైవాళ్లకు ఉత్తరం రాయించాడు. మళ్లీ రాయించాడు. జవాబు రాలేదు. మాట ఎక్కడ జారిందో, రామదాసు వచ్చాడు.

కొడవలి తొడలో తిరుగుతుంటే నాయన ఒకే మాట అన్నాడు.

"ఏడో పాతర..."

ఆ తర్వాత, దారి చెప్పే టేపుతో కూతుర్ని ఉరకమన్నాడు. ఆ పైన స్పృహ లేదు.

పాతరంటే ధాన్యం దాచే గొయ్యి. నేలలో బావిలా తవ్వి, ధాన్యం పోసి, మూతికి బండ వేసి మట్టి మెత్తుతారు. పెద్దపాటిలో పాతకాలపువి ఏడున్నాయి. ఆరు పూడిపోయాయి. ఏడోదాంట్లో ఊరు తన ఉమ్మడి జొన్నలు పోసి మూసింది. కరువుకు సర్కారు పోసే గంజి ఆగిపోతే తప్ప తెరవకూడదని కట్టుబాటు. మూసే రోజు దాసప్ప ఆ జొన్నల మీద కుండ పెట్టాడు. ఊరి జొన్నలు ఎక్కడున్నాయో పక్క ఊరివాడికి ఎవరూ చెప్పరు. అందుకే ఈరప్పకు తెలియదు.

"దారి నేను చూపిస్తా" అంది సిద్దమ్మ. "తొందరగా పోదాం. మా నాయన్ను వదిలెయ్."

"నువ్వు చూపిస్తే నేను పాముల పుట్టలోకి పోతా." రామదాసు ఆమె మెడలోంచి టేప్‌రికార్డరు లాక్కున్నాడు. "ఇది చూపిస్తాది. మూడేండ్ల కింద చేసిన టేపు. అప్పటికి బంగారం దొరకలేదు. అబద్ధం చెప్పే పని లేదు దీనికి. పాతర్ల కాడికి తిప్పు."

సిద్దమ్మ విరగని చేత్తో బటన్ నొక్కింది. టేపు గిర్రున తిరిగింది. అంకెలు చూస్తూ ఆపింది. రెండు వందల పద్నాలుగు. పాతర్ల దారి టేపులో ఈ మెట్ల దగ్గరే మొదలవుతుంది.

రామదాసు పట్టీ మెడలో వేసుకున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, జారకుండా పైన తుండుగుడ్డ బిగించి కట్టాడు. ఎండకూ పనికొస్తుంది.

ఇప్పుడు నాయన గొంతు వాడొక్కడికే వినపడుతోంది. సిద్దమ్మకు వినక్కర్లేదు. మూడేళ్లుగా కంఠతా వచ్చు.

*ఇక్కడి నుండి ముప్పై అడుగులు తూర్పుగా నడవండి.*

రామదాసు నడిచాడు. ఆగాడు. ముఖం చిట్లించాడు.

"ఏమి మే, మీ నాయన నిద్రపోయినాడా? చప్పుడు లేదు."

"వస్తాది."

పావు నిమిషం తర్వాత వచ్చింది. రామదాసు దక్షిణానికి తిరిగాడు.

అదే నాయన పద్ధతి. ఒక మాట చెప్పి ఆగుతాడు. నడిచేవాడికి టైము ఇవ్వాలి కదా అంటాడు. రికార్డు చేసిన రోజున తనే మైకు పట్టుకుని ప్రతి చోటికీ నడిచాడు. ఎడమ కాలు కుంటి. తాను కుంటుకుంటూ చేరేదాకా టేపులో గాలి తప్ప ఏమీ ఉండదు. చూడవచ్చిన వాళ్లకు అంత ఓపిక ఉండదు. "అయిపోయిందమ్మా" అంటూ మధ్యలోనే తెచ్చి ఇచ్చేస్తారు. "ఇంకా ఉండాది సార్, పోయి వినండి" అని ఆమె వెనక్కి పంపుతుంది.

రోజుకు పదిసార్లు అనే మాట.

ముళ్లకంప పక్కన రామదాసు ఆగాడు. కాలితో మట్టి తన్నాడు. కింద బండ మోగింది.

సిద్దమ్మ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి.

*ఇదే ఏడో పాతర. చెక్కుచెదరనిది ఇదొక్కటే. ఇప్పుడు ఏడింటి చుట్టూ ఒక సుట్టు తిరిగి మళ్లీ ఈడికే రాండి.*

ఆ సుట్టు తిరగడానికి నాయనకు నాలుగు నిమిషాలు పట్టింది.

టేపులో నాలుగు నిమిషాల గాలి.

ఒకటి... రెండు... సిద్దమ్మ లెక్క మొదలుపెట్టింది.

రామదాసు చెవి మీద తట్టుకున్నాడు. "అయిపోయిందా?"

రోజూ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

మింగేసింది.

"అయిపోయింది."

*

గడ్డపార దిగింది. మెత్తిన మట్టి పెచ్చులుగా లేచింది. ఈరప్ప బలమంతా వేశాడు. బండ పక్కకు జరిగింది.

తొంభై ఎనిమిది... తొంభై తొమ్మిది...

లోపల్నుంచి వెచ్చగా పులిసిన వాసన కొట్టింది.

ఈరప్ప చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. తలగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అలవాటుగా వేసిన అడుగులు అవి.

అప్పుడు సిద్దమ్మ వైపు చూశాడు.

ఆమె వాడి వైపు చూసింది.

ఇద్దరికీ తెలుసు. మూసిన పాతరలో జొన్నలు ఊపిరి తీసుకుంటాయి. గాలి చచ్చిపోతుంది. తెరిచాక ఒక పూట వదిలెయ్యాలి. ఆ తర్వాత లాంతరు దించాలి. అది ఆరకపోతేనే మనిషి దిగాలి. వాళ్ల ఇళ్లలో ఇది ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు, చూస్తూ పెరుగుతారు.

తాడిపత్రి టౌన్లో పుట్టిన రామదాసు కిలోల లెక్కన జొన్నలు కొంటాడు.

"దిగురా" అన్నాడు.

ఈరప్ప గడ్డపార కింద పెట్టాడు. చిట్లిన పెదవిని నాలుకతో తడుపుకున్నాడు.

"దిగుతా లే అన్నా. నువ్వు పైనుండు. కుండలో ఎన్నుండాయో నేనే ఎంచి చెప్తా."

రామదాసు కళ్లు చిన్నవయ్యాయి.

"నువ్వు ఎంచి చెప్తావా?"

"నువ్వెందుకన్నా, గుడ్డలు మాసిపోతాయి."

"జరుగు పక్కకు."

పిస్తోలు నడుముకు దోపుకున్నాడు. అంచున కూర్చున్నాడు. జారాడు. జొన్నల్లోకి పిక్కల దాకా దిగబడ్డాడు. తల పాతర మూతికి జానెడు కింద.

నూట ముప్పై ఒకటి... ముప్పై రెండు...

వంగాడు. తడిమాడు.

"దొరికింది!"

కుండ ఎత్తి చూపించాడు. నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. మోకాళ్లు మడతపడ్డాయి. కుండతో సహా జొన్నల మీద కూలబడ్డాడు.

"ఈరప్పా... చెయ్యి... చెయ్యియ్యరా..."

ఈరప్ప గొంతుక్కూర్చున్నాడు. బీడీ వెలిగించాడు.

"పెదవి మండుతాండాదన్నా."

కింద గోళ్లు గోడను గీరుతున్న చప్పుడు. కాసేపటికి అదీ తగ్గింది.

నూట డెబ్బై...

సిద్దమ్మ లేవబోయింది. కొడవలి మొన గొంతు కింద ఆగింది.

"కూచో అక్కా. రేపు పొద్దున దాకా ఈడనే. గాలి పోనీ. లాంతరు దించుదాం. నువ్వు దిగి కుండ పైకియ్యి."

"తర్వాత?"

"తర్వాత బండ మూస్తా."

ఎంత మామూలుగా అన్నాడో. గొర్రెల దొడ్డికి కంప అడ్డం వేస్తానన్నట్టు.

"మా నాయన రేపటి దాకా బతకడు ఈరప్పా."

"బతకడు" అన్నాడు వాడు. పొగ వదిలాడు. "ఎముక తగిలింది నాకు."

అప్పుడు వినిపించింది.

హారను. దూరంగా. ఊరి వైపు నుంచి.

ట్యాంకరు బయల్దేరింది!

రెండు వందల నాలుగు... ఐదు...

సిద్దమ్మ చేతి వేలు వాచి నల్లబడింది. చెమట కనురెప్పల మీద కారుతోంది. లెక్క తప్పకూడదు. ఒక్క అంకె కూడా తప్పకూడదు.

"కుండ పగిలింది" అంది.

"ఏమి?"

"వాడు పడినప్పుడు చప్పుడు వినలేదా? పాత మట్టి. నాణేలు జొన్నల్లోకి జారిపోతాండాయి. అడుగుకు పోతే పదిహేను బస్తాలు ఎత్తిపోసి ఏరుకోవాల. ఊరోళ్లు చూస్తా ఊరుకుంటారా?"

ఈరప్ప నోట్లో బీడీ ఆగిపోయింది.

రెండు వందల ఇరవై మూడు...

లేచాడు. కొడవలి ఆమె వైపే చాచి, పాతర దగ్గరికి జరిగాడు. ఒక మోకాలు ఆనించాడు. ముక్కుకు గుడ్డ పెట్టుకున్నాడు. పైన ఎండ, లోపల చీకటి. ఏమీ కనపడలేదు.

ఇంకొంచెం వంగాడు.

రెండు వందల ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.

నలభై.

కింద, జొన్నల మీద, ఇంకా కొన ఊపిరితో ఉన్న మనిషి చెవుల్లో, తుండుగుడ్డ బిగించి కట్టిన హెడ్‌ఫోన్లలో, దాసప్ప మళ్లీ మాట్లాడతాడు. సిద్దమ్మ పెదవులు ఆయనతో పాటే కదిలాయి.

*సందర్శకులకు ఒక మనవి. బండ తీసినంక ఒక పూట ఇందులో ఎవరూ దిగగూడదు. లోపలి గాలి మనిషిని చంపుతాది. ఈ మాట ఈ పక్క గొర్రెలు కాసే పిల్లోనికి కూడా తెలుసు.*

చీకట్లో రెండు కళ్లు తెరుచుకున్నాయి.

పైన గుండ్రటి వెలుగు. వెలుగు నిండా ఒక గొర్రెల కాపరి తల.

"నీకు..." గొంతు కాదు అది, గురక. "నీకు తెలుసురా..."

ఈరప్ప వెనక్కి జరగబోయాడు.

ఢాం!

కొడవలి రాళ్ల మీద పడి మోగింది. దాని వెనక ఈరప్ప పడ్డాడు. సగం బయట, సగం పాతర లోపల. మరో తూటా రాలేదు. కింద ఏదీ కదల్లేదు.

సిద్దమ్మ వాడి తలగుడ్డ లాగింది. నాయన తొడకు కట్టడానికి గుడ్డ కావాలి.

పరుగు... గోడలు దాటి... మెట్లు దాటి...

హారను దగ్గరైంది. ఇంకా దగ్గరైంది.

సిద్దమ్మ రోడ్డుకు అడ్డం నిలబడి తలగుడ్డ ఊపింది. ట్యాంకరు గేటు ముందు ఆగింది.