భూతద్దంగారి టికెట్

"రిటైరైపోయిన డ్రైవరుగారికి జీతాల ఫోల్డర్ ఎందుకు తెరిచి ఉంచారండీ?"

కొత్త ఆడిటర్ కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే అడిగిన మొదటి మాట అది. ఎదుటి సీట్లోని ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ రంగుల కంపెనీలో ఎవరు చేరినా, ఎవరు మానేసినా కంప్యూటర్ డైరెక్టరీలో వాళ్ళ అకౌంటు తెరిచేదీ మూసేదీ ఆమే. ఎవరిని ఏ గ్రూపులో పెడితే వాళ్ళకి ఆ ఫైళ్ళు తెరుచుకుంటాయి.

"ఆయన మానేసినట్టు నాకెవరూ చెప్పలేదండీ. నేనేమన్నా గేటు దగ్గర కాపలా కాస్తున్నానా?"

"మరి ఈ 'టెస్ట్2' అనే అకౌంటు ఎవరిది?"

"మా పాత మేనేజరు పెంచిన దెయ్యం. ముట్టుకుంటే ప్రింటర్లన్నీ ఆగిపోతాయి. ధైర్యముంటే మీరే వదిలించండి!"

అతను పకపకా నవ్వేశాడు. సాయంత్రానికల్లా ఇద్దరూ కలిసే ఆ దెయ్యాన్ని వదిలించారు.

ఆఫీసంతా అతన్ని భూతద్దం అనేవారు. వారం వారం వచ్చి తప్పులు పట్టేవాడు. ఆమె ఎదురు తిరిగేది. ఏ వారమైనా అతను రాకపోతే మాత్రం ఏమీ తోచేది కాదు. ఇంట్లో అక్క ఊరుకుంటుందా?

"ఏమేవ్, పొద్దస్తమానం ఆ భూతద్దం గోలేనా?"

"ఛీ, పో అక్కా!" అనేది గానీ చెంపలు వేడెక్కేవి.

అలాంటిది, ఒక వాన మధ్యాహ్నం ఆమె కంప్యూటర్‌కి అతని దగ్గర్నుంచి టికెట్, అదే పని అర్జీ, వచ్చింది. "ఆడిటర్ల గ్రూపు నుంచి నన్ను తీసేయగలరు." అతని మేనేజరు ఆమోదం కూడా ఉంది. కారణం రాయాల్సిన గడి మాత్రం ఖాళీ.

ఆమె దాన్ని మళ్ళీ చదివింది. ఆ గ్రూపులో లేకపోతే అతనిక ఈ గదికి రానక్కర్లేదు. క్రితం వారం నలుగురి ముందూ "తప్పులు వెతకడం తప్ప మీకేం చేతనవును?" అనేసింది కదా, అందుకే వెళ్ళిపోతున్నాడు! ఈ పాడు నోరు ఊరుకుంటేనా అని తనని తానే తిట్టుకుంది. ఒక్క క్లిక్కు పని. చెయ్యి కదిలితే ఒట్టు.

చివరికి రోషం తెచ్చుకుని ఫోన్ చేసింది. "కారణం రాయకుండా తీసేయడం కుదరదండీ. ఆ రూలు పెట్టించింది తమరే."

కాసేపటికి తడిసిన తలతో అతనే వచ్చి నిలబడ్డాడు.

"అక్కడ రాస్తే ఆఫీసంతా చదువుతుందండీ."

"నా నోరే కదా కారణం? సారీ. దానికోసం కష్టపడి తెచ్చుకున్న పోస్టు వదులుకుంటారా?"

"అబ్బే, మీ తిట్లు నాకు అలవాటేగా!" అతను గొంతు తగ్గించాడు. "క్రితం వారం మీ పనిలో ఒక తప్పు దొరికింది. స్టోర్స్‌లో మానేసిన గుమస్తా అకౌంటు తెరిచే ఉంది. రిపోర్టులో రాయడానికి చెయ్యి రాలేదు. చివరికి రాశాను గానీ ప్రాణం ఉసూరుమంది. మీరంటే ఇష్టమండీ. ఇంత ఇష్టం పెట్టుకుని మీ పని తనిఖీ చేయడం తప్పు. కాదంటే కాదనండి, నన్ను మాత్రం ఆ గ్రూపులోంచి తీసేయండి."

ఆమె తెర వైపు తిరిగి, గడిలో 'వ్యక్తిగతం' అని టైపు చేసి, అతని పేరు తీసేసింది.

"అయిపోయింది. ఇప్పుడు మీరు ఆడిటర్ కాదు కదా?"

"కాదండీ."

"అయితే నిజం చెప్తాను. ఆ గుమస్తా మానేశాడని నాకు ఆ రోజే తెలుసు."

"తెలిసీ మూయలేదా? ఎందుకు?"

"అన్నీ సరిగ్గా ఉంటే మీరింకెందుకొస్తారు?" అంది ఆమె, తల ఎత్తకుండా.

 ఆమె ఆ అకౌంటు వెతికి మూసేసింది. ఆ తర్వాతే అతని కళ్ళలోకి చూసింది.

"ఇకమీదట తప్పులేవీ దొరక్కపోయినా రావాలి, తెలిసిందా?"