భీమిలి చర్చల్లో ఆంతర్యదర్శిని

భీమిలి తీరంలోని చర్చల భవనానికి ఒకే కొలతతో రెండు సింహద్వారాలు కట్టారు. చైనా వాళ్లు ఒకదాంట్లోంచి, పాశ్చాత్య కూటమి వాళ్లు రెండోదాంట్లోంచి, ఒకే క్షణంలో లోపల కాలు పెట్టాలి. 2091 వచ్చినా ఎవరు ముందు అన్నదే వాళ్లకు ప్రాణసంకటం. ఆ తంతు చూసినప్పుడల్లా శాస్త్రవేత్త హైమావతికి ఒళ్లు మండేది.

మండదూ మరి? చంద్రుడి దక్షిణ ధ్రువంలో మంచు తవ్వే కార్మికుల్లో ఆమె అన్న కూడా ఉన్నాడు. అక్కడ ఓడలు దిగే రేవు మాదంటే మాదని రెండు పక్షాలూ ఆక్సిజన్ ఓడలను దారిలోనే నిలిపేశాయి. గనిలో గాలి అడుగంటుతోంది.

ఆ చిక్కుముడి విప్పడానికే ఆమె ఆంతర్యదర్శినిని తయారుచేసింది. మనిషి గొంతులోని సూక్ష్మ కంపనాలనూ, కనుపాపల కదలికలనూ సెన్సర్లతో పట్టి, అతని మాటను లోపలినుంచి నెడుతున్న బలమేమిటో తెరమీద చూపిస్తుంది ఆ యంత్రం.

చర్చలకు ముందు చైనా ప్రతినిధి షెన్ ఆమెను పక్కకు పిలిచి, దాన్ని ఎదుటివాళ్ల మీదే పెట్టమన్నాడు. కూటమి ప్రతినిధి హార్లన్ కూడా వచ్చి అదే అడిగాడు. ఇద్దరికీ తలూపి, హైమావతి ఇద్దరి మీదా పెట్టింది.

విదేశీ ఫిరంగులు తమ రేవులను బద్దలుకొట్టిన రోజుల గురించి షెన్ ఆవేశంగా మాట్లాడాడు. స్వేచ్ఛ, నియమాలు అంటూ హార్లన్ గంభీరంగా ఉపన్యసించాడు. రెండు తెరలమీదా ఒకే వాక్యం పడింది.

"వెనక్కి తగ్గితే ఇంట్లోవాళ్లు నవ్వుతారని భయం."

"ఇద్దరి జబ్బూ ఒకటేనని తేలింది కదండీ. ఇకనైనా ఓడల్ని వదలండి," అంది హైమావతి.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని లోపలి గదిలోకి వెళ్లారు. కాసేపటికి నవ్వుకుంటూ బయటికొచ్చి ఉమ్మడి ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఆమె దగ్గర పనిచేసే ఇంజనీరు పైడిరాజు దాని ప్రతి ఒకటి పట్టుకొచ్చాడు.

"కుదిరిపోనాది మేడమ్. మన యంత్రం మనిషి గౌరవానికి ముప్పంట. ఇద్దరూ కలిసి నిషేధించీసినారు."

"మరి ఓడల సంగతో?"

"దాని గురించి ఏటీ రాయలేదండి. వచ్చే సమావేశంలో సూద్దామన్నారు."

"అక్కడ మనుషులు ఊపిరాడక చస్తుంటే, వీళ్లకు తెరమీద పడ్డ ఒక్క ముక్క బరువైపోయిందా? సిగ్గనిపించదూ?" హైమావతి వాళ్లకు వినపడేలా అరిచింది.

షెన్, హార్లన్ చేతులు కలిపి ఫొటోలకు నిలబడి ఉన్నారు. యంత్రం తీగలు పీకడానికి సిబ్బంది వచ్చారు. అవి ఊడేలోపు ఆమె, ఇంకా వాళ్లిద్దరినీ చదువుతూనే ఉన్న తెరలవైపు చూసింది.

రెండింటిమీదా ఒకటే ఉంది. "ఇప్పుడు ఏ భయమూ లేదు."