అట్ట వెనకవైపు

సోమవారం ఉదయం పదకొండింటికి మ్యాపులు గీసే అమ్మాయి తన కళ్లజోడును మూడోసారి వాపసు తెచ్చింది.

"దగ్గరివి ఆనట్లేదండీ," అంది, డబ్బా బల్ల మీద పెట్టి.

కళ్లజోళ్ల కొట్టు మేనమామది. లోపలి గదిలో చూపు పరీక్ష చేసేది మేనల్లుడు. అతను డబ్బా చూసి, గది గుమ్మానికి వేలాడే తెర వైపు చూశాడు. పొద్దున్నే మామయ్య చెప్పాడు: "ఆ జోడు ఇంకోసారి తిరిగొచ్చిందంటే నువ్వు ఆ గది వదిలి ఫ్రేములు తుడుచుకో."

"కాస్త మెల్లిగా. మామయ్య తెర అవతలే ఉన్నాడు. నా గది పోతుంది," అన్నాడు.

లెన్సులు మళ్లీ కొలిచాడు. పవర్‌లో తేడా లేదు. జోడు పెట్టుకోమని, చదివే అట్ట ఆమె చేతికిచ్చాడు.

పాత అట్ట వచ్చేవాళ్లందరికీ కంఠతా వచ్చేసింది. చూడకుండానే అప్పజెప్పేవాళ్లు. అందుకని అతను ప్రతి సోమవారం కొత్తది పెడుతున్నాడు. తను చదువుతున్న ఇంగ్లిషు నవలలోంచి, అంతరిక్ష నౌక కథ అది, వారానికో పేజీ తెలుగు చేసి టైపు కొడతాడు. పైన లావు అక్షరాలు, కిందికి పోయేకొద్దీ సన్నం.

ఆమె చదివింది. నౌకలో గాలి అయిపోతోంది. కెప్టెన్ తలుపు తెరిచింది. ఆఖరి వరుసలో అక్షరాలు చీమ తలకాయంత. ఆమె ఎక్కడా తడుముకోలేదు: "తలుపు అవతల ఎవరో నవ్వారు."

తర్వాత అట్ట తిప్పి వెనకవైపు చూసింది.

చూపు ఆననివాళ్లెవరూ అట్ట తిప్పి చూడరు.

"మీ జోడు బాగానే ఉంది," అన్నాడు అతను.

"మొదటిరోజే బాగుంది."

"మరి నన్నెందుకండీ ఇలా చంపుకుతింటున్నారు?"

"మీరు మాత్రం? నవ్వింది ఎవరో చెప్పకుండా ఆపేస్తారా? ఇలాంటివి తెలుగులో కావాలని పుస్తకాల షాపులన్నీ తిరిగాను. ఇంగ్లిషులో చదువుకోమన్నాడొకాయన. ఇంకొకాయన చిన్నపిల్లల బొమ్మల పుస్తకం చేతిలో పెట్టాడు. తీరా చూస్తే కళ్లజోళ్ల కొట్లో దొరికింది."

"అడిగితే ఉన్న పేజీలన్నీ ఒకేసారి ఇచ్చేవాణ్ని కదా."

"ఒకేసారి ఇస్తే ఒకేసారి వస్తాను."

అతనికి చెవులు వేడెక్కాయి.

తెర కదిలింది. మామయ్య లోపలికొచ్చాడు.

"ఏమ్మా, ఈసారైనా కుదిరిందా?"

కుదిరిందంటే ఆమెకు మళ్లీ రావడానికి సాకు లేదు. లేదంటే అతనికి గది లేదు. ఆమె ఒక్కసారి అతని వైపు చూసింది.

"మొదటిరోజే కుదిరిందండీ. ఈయన తప్పేం లేదు. నేను కథ కోసం వచ్చాను."

మామయ్య మేనల్లుడి వైపు తిరిగాడు. "విన్నావురా? నేనూ అడుగుతూనే ఉన్నా, ఆ తర్వాతేమైందని. నోరు విప్పవు. ఇంకా ఎంతుంది?"

"వారానికో పేజీ అంటే ఆరేళ్లు మామయ్యా."

"ఆరేళ్లా!" అంది ఆమె. "ప్రతి సోమవారం ఎక్కడికే అని మా అమ్మ అడిగితే ఏం చెప్పను?"

"అమ్మనే తీసుకురా తల్లీ," అన్నాడు మామయ్య. "కళ్లు చూపించుకున్నట్టూ ఉంటుంది, అబ్బాయిని చూసినట్టూ ఉంటుంది."

తర్వాతి సోమవారం ఆమె జోడు పెట్టుకునే వచ్చింది. వెంట వాళ్లమ్మ ఉంది. మేనల్లుడు కొత్త అట్ట పెద్దావిడ చేతికిచ్చాడు. ఆవిడ ఆఖరి వరుస దాకా చదివి, అట్ట తిప్పి వెనకవైపు చూసింది.