పేరు రాయని చీటీ

ఆ సోమవారం పొద్దున కూడా ఉలిగమ్మ గడపలో కూర్చుని, పక్కింటి తిమ్మక్కకు వినబడేలా శాపాలు పెడుతోంది. లోపల పాపకు సంగటి మెత్తగా పిసికి పెడుతున్న కోడలు అరుణ ఒక్కో మాటకూ తల ఇంకాస్త దించుకుంటోంది.

ఎనిమిది రోజుల కిందట, ఆదివారం తెల్లవారుతుండగా, అరుణ మరిది జోసెఫ్‌ను పోలీసులు పట్టుకుపోయారు. అతను ధర్మవరంలో మగ్గం నేసేవాడు. యజమాని ఇంట్లో పట్టుచీరలు పోతే తన పేరు చెప్పారని తెలిసి, భయపడి పెనుకొండలో తల్లి దగ్గరికి వచ్చి తిమ్మక్క గొర్రెల దొడ్డిలో దాక్కున్నాడు. తిమ్మక్క ఆ ముందురోజే చిలమత్తూరులో కూతురింటికి పోయింది. పోలీసులకు చెప్పే పోయిందని ఉలిగమ్మ నమ్మకం. ఇప్పుడు తిరిగొచ్చిన తిమ్మక్క బోరింగు దగ్గరికి వస్తే చాలు, ఉలిగమ్మ బిందె సగం నిండినా ఎత్తుకుని వచ్చేస్తోంది.

అరుణ భర్త బెంగుళూరులో కట్టడం పనిలో ఉన్నాడు. మనసులో మాట చెప్పుకుందామంటే ఆమెకు ఇంట్లో ఎవరూ లేరు.

పది గంటలకు పాస్టరు జయప్రకాష్ వచ్చాడు. హిందూపురం, ధర్మవరం పాస్టర్లతో కలిసి మేజిస్ట్రేటుకు అర్జీ ఇస్తున్నామని చెప్పాడు.

"దొంగతనం చేసినాడా లేదా అనేది కోర్టు చూసుకుంటాదమ్మా. పట్టుకున్న మనిషిని ఒక రోజులోగా జడ్జి ముందర నిలబెట్టాల. మేము అడిగేది అంతే. మన జోసెఫ్ ఒకడే కాదు, సుంకప్ప, ఎర్రిస్వామి కూడా ఆ స్టేషన్లోనే ఉండారు."

ఆ ఇద్దరూ చర్చి ముఖం చూసినవాళ్ళు కారు.

అయితే స్టేషనులో నిన్ననే పట్టుకున్నామంటున్నారట. తల్లి మాట నిలవదట. ఎనిమిది రోజుల కిందటి ఆ ఆదివారమే చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో పేరు లేని చీటీ ఒకటి పడింది. జోసెఫ్‌ను తీసుకుపోయిన సంగతి అందులో ఉంది. పెట్టెలో పడిన చీటీలను సంఘ పెద్దలు ఆ రోజే పుస్తకానికి అంటించి, తేదీ వేసి సంతకాలు పెడతారు.

"రాసినోళ్ళు వచ్చి నాదే అంటే చాలు. వాళ్ళు ఒప్పుకోకుండా నేను బయట పెట్టలేను. అది దేవునికి రాసుకున్న మాట."

ఉలిగమ్మ చేతులు జోడించింది. "రాసిన తల్లి ఎవరో గాని అయ్యగారూ, ఆమె కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటా."

అరుణ చేతిలో ముద్ద జారి గిన్నెలో పడింది. ఆమె ఐదో తరగతితో బడి మానేసింది. ఆ రెండు వాక్యాలు రాయడానికి పాప నిద్రపోయినంతసేపూ పట్టింది. 'మా మరిదిని ఈ పొద్దు పోలీసులు పట్టుకపోయినారు. యాడుండేదీ నేనే చూపించినాను, క్షమించు ప్రభువా.'

చెప్పకపోతే మరిది ఆ స్టేషను గదిలోనే దెబ్బలు తింటాడు. చెబితే ఈ ఇంట్లో తనకు చోటుండదు.

"ఆ చీటీ నాదే అత్తా."

"నీదా? నువ్వు చూసినావా?"

"చూడడం కాదు. నేనే చూపించినా. నువ్వు నీళ్ళకు పోయింటివి. చెప్పకపోతే నన్నూ పాపనూ జీపెక్కిస్తామన్నారు. పాప ఒకటే ఏడుపు. దొడ్డి పక్కకు చెయ్యి చూపించినా. తిమ్మక్క కాదు."

ఉలిగమ్మ కోడలి వైపు తిరిగింది.

"ఎనిమిది దినాలు నేను ఆ యమ్మను తిడతాంటే, వింటా కూడు తింటివా?"

ఉలిగమ్మ లేచి పాపను తన చంకలోకి లాక్కుంది.

"పో, పోయి చెప్పు. నా కొడుకు రానీ, తర్వాత నీ సంగతి."

మధ్యాహ్నం మేజిస్ట్రేటు ముందర ముగ్గురు పాస్టర్ల పక్కన నిలబడి అరుణ ఆ చీటీ తనదేనని చెప్పింది, సంతకం పెట్టింది. సాయంత్రానికి స్టేషను నుంచి జోసెఫ్‌నూ మిగతా ఇద్దరినీ కోర్టుకు తెప్పించారు. రెండు రోజులకు బెయిలు వచ్చింది.

జోసెఫ్ కుంటుతూ ఇంట్లోకి వచ్చాడు. అరుణ తలుపు పక్కనుంచి ముందుకు రాలేదు.

"నేనే చూపించినా జోసెఫూ."

"తెలుసు వదినా." అతను పాప వైపు చూశాడు, ఆమె వైపు కాదు. "పాప ఏడుస్తాంటే వింటానే దొడ్లో పడుకోనుంటి. అప్పుడే లేసి నేను రావల్ల. కాళ్ళు రాలేదు."

అరుణకు అన్ని రోజులూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఉలిగమ్మ కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, కోడలి చెయ్యి పట్టుకుంది.

"పద, తిమ్మక్క ఇంటికి పోదాం. ముందర నేను మాట్లాడతా. తిట్టింది నేను కదా."