జంటపన్ను

ఆ రోజు మంగినపాలెం బడిలో పిల్లల పళ్ల పరీక్ష. పిల్లలు వరుసగా వచ్చి దంతదర్శిని అనే అద్దపు యంత్రం ముందు నోరు తెరుస్తున్నారు. ఇంకా చిగుళ్లు దాటని పళ్లు కూడా ఆ అద్దంలో, దవడ ఎముక లోపల స్పష్టంగా కనిపిస్తాయి. వంకర ఉంటే మొలకసవరి అనే సన్నటి కిరణం అక్కడికక్కడే దిద్దేస్తుంది. కోత లేదు, నొప్పి లేదు. ఊరూరా ఇదే పద్ధతి కావడంతో పంటిపోటు అనే మాటే పిల్లలకు తెలియకుండా పోయింది.

నూకరత్నం వంతు వచ్చేసరికి యంత్రం "లోపం ఉంది" అంది. డాక్టర్ సువర్చల పిల్ల తల్లి పోలమ్మను పిలిచి అద్దం చూపించింది.

"చూశావా పోలమ్మా, పై ముందుపళ్లు రెండూ కలిసిపోయి ఒకటిగా పెరుగుతున్నాయి. మధ్యలో గాడి వేరుదాకా దిగింది. పన్ను బయటికొచ్చాక అందులో తిండి ఇరుక్కుని చీము పడుతుంది. ఇప్పుడే విడదీసి, పిల్లలందరికీ వాడే ఆదర్శదంతం అచ్చులోకి తెచ్చేద్దాం."

"ఎముక లోపలి పన్ను కూడా అగుపిత్తాదా తల్లీ!" అని నోరు వెళ్లబెట్టిన పోలమ్మ, వెంటనే పిల్లను దగ్గరికి లాక్కుంది. "వొద్దమ్మా. అది దీని అయ్య పన్ను. ఆయన ఏటకెల్లి మునిగిపోతే మొగం సేపలు తినేసినాయి. పెదవి ఎత్తి ఆ పన్ను సూసే, మా ఆయనేనని సెప్పగలిగినాను. మా పేటలో అంతేనమ్మా. సముద్రం మొగాన్ని ఉంచదు, పన్నుని ఉంచుతాది."

సువర్చలకు ఒళ్లు మండింది. చీము పట్టబోయే పన్నును చావుకు గుర్తుగా దాచుకోవడమేమిటి! "పిల్ల బతుకు గురించి ఆలోచించు, చావు గురించి కాదు" అని కసిరింది. ఆమె చెప్పిందీ తప్పు కాదు. పోలమ్మ పిల్ల చెయ్యి వదిలింది. కిరణం పని ముగిశాక యంత్రం పాత చిత్రాన్ని తానే చెరిపేసుకుంది. లోపం తాలూకు ఆనవాలు కూడా మిగలకూడదన్నది దాని నియమం.

నూకరత్నం అచ్చుపోసినట్టున్న పళ్లతో నవ్వుతూ పెరిగింది. ఈడువాళ్లందరి నవ్వూ అదే. పెద్దయ్యాక మరో నలుగురు ఆడపిల్లలతో కలిసి సముద్రపు నాచు కోతకు పడవెక్కింది. ఒక తుఫానుకు ఆ పడవ తిరిగి రాలేదు.

గాలి తగ్గాక మొహాలు, బట్టలు మిగలని అయిదు శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. దారులు తెగిపోయాయి. రక్తపు పరీక్షలకు పంపే వీలు లేదు, నిలవ ఉంచే వీలూ లేదు. తల్లులు వంగి ఒక్కొక్క పెదవీ ఎత్తారు. అన్ని నోళ్లలోనూ ఒకటే పలువరస. సువర్చల దంతదర్శినిని పరుగున తెచ్చి ఒక్కొక్కరికీ పట్టింది.

"లోపం లేదు" అంది యంత్రం. "లోపం లేదు. లోపం లేదు."

ఆమె దాన్ని ఆపేసింది.

"నా పిల్ల ఇందులో లేదు" అంది ఒక తల్లి. రెండో ఆమె కూడా అదే అంది. చివరికి అయిదుగురూ అదే అన్నారు. ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే ఏ శవం మీద పడి ఏడవాలి? ఆ పిల్లల్ని ఊరే పూడ్చిపెట్టింది.

మరునాటి నుంచి ఆ తల్లులు పొద్దు పొడవగానే అన్నం గిన్నెలతో ఒడ్డున కూర్చుంటున్నారు. ఊరు విడిచి బయలుదేరిన సువర్చలను చూసి పోలమ్మ లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ కళ్లలో కోపం లేదు. అందుకే డాక్టరుకు భయం వేసింది.

"ఎముక లోపలి పన్నే సూసినోరు కదమ్మా. ఆ అద్దం ఓపాలి నీళ్లలోకి పెట్టండి. నా గుంట నూకరత్నం ఎక్కడుందో సెప్పండి."