నొప్పిమాపు పట్టీ

కాకినాడ బాస్కెట్‌బాల్ స్టేడియంలో ఇప్పుడు దెబ్బ తగిలిందని మూలిగేవాళ్లు లేరు. రెండువేల డెబ్భైలలో వచ్చిన నొప్పిమాపు పట్టీ ఆ అలవాటు మాన్పించేసింది. నడుముకు కట్టుకుంటే చాలు, గట్టి తాకిడి ఏదైనా నాడుల్లోనే ఆగిపోతుంది, మెదడుకు చేరదు. పట్టీ లేకుండా ఎవరినీ కోర్టులోకి దిగనివ్వరు.

కోచ్ సుగుణమణికి ఆ పట్టీని చూస్తేనే ఒళ్లు మండుతుంది. ఆమె తయారుచేస్తున్న సెంటర్ యశోధర ఇంకా స్కూలు పిల్ల. సెంటరన్నాక రింగు కింద ప్రత్యర్థికి వీపు ఆనించి నిలబడాలి. అవతలి బరువు ఎటు మొగ్గుతోందో వీపుతోనే పసిగట్టి, రెండోవైపు తిరిగి బంతి వేయాలి.

"వీపు మొద్దుబారితే ఏం పసిగడతదండీ? మీరు తయారుచేసేది సెంటర్నా, సిమెంటు స్తంభాన్నా?" అని పట్టీ కనిపెట్టిన డాక్టర్ పృథ్వీధర్ మీద విరుచుకుపడింది.

"పిల్లకి మొండితనం రావాలన్నది మీరే కదా మేడమ్. ఇవాళ ఆడించి చూద్దాం. తడబడితే పట్టీ లేకుండా ఆడే అనుమతి నేనే ఇప్పిస్తాను."

సుగుణమణికి పంతం వచ్చింది. పిల్ల తడబడితేనే ఈ పీడ విరగడవుతుంది. డిఫెండర్లను పిలిచి, "పట్టీ ఉందిగా, దానికేం తెలీదు. మోచేతులు దాచుకోకండి" అంది.

వాళ్లు దాచుకోలేదు. యశోధర మొహంలో చిన్న మార్పయినా లేదు. కుడినుంచి తోస్తే ఎడమకు, ఎడమనుంచి తోస్తే కుడికి తిరిగి, తల మీదుగా ఒంటిచేత్తో హుక్ షాట్లు వేసింది. పృథ్వీధర్ చప్పట్లు కొట్టాడు.

సుగుణమణి తెల్లబోయింది. గబగబా వెళ్లి పిల్ల పక్కటెముకల మీద చెయ్యి వేసింది. యశోధర ఊపిరి బిగబట్టింది. చెయ్యి నడుముకు జార్చి పట్టీని తడిమింది సుగుణమణి. పనిచేసే పట్టీ వెచ్చగా ఉండాలి. ఇది చల్లగా ఉంది.

"ఆపేశానండి. వేసుకుంటే ఎటు తోత్తన్నారో తెలట్లేదు. మీరు నేర్పిందేదీ కుదరట్లేదు."

"నెప్పని చెప్పొచ్చు కదే!"

"చెప్తే పట్టీ ఆపానని తెలిసిపోద్ది. జట్టులోంచి తీసేత్తారు కదండీ."

సుగుణమణి పృథ్వీధర్ వైపు తిరిగింది. "మనుషులేనా మీరు? పసిపిల్లని ఇలా కుళ్లబొడిపిస్తారా?"

ఆయన తల దించుకున్నాడు. "నా తప్పు ఉంది మేడమ్. కానీ మోచేతులు దాచుకోవద్దన్నది ఎవరు?"

సుగుణమణి మొహం పక్కకు తిప్పుకుంది. అది చూసి, తన ఆటే నచ్చలేదనుకుంది యశోధర. మళ్లీ రింగు కిందకు వెళ్లి డిఫెండర్‌కు వీపు ఆనించింది.

"తొయ్యండక్కా," అంది. "నాకేం తెలీదు."